దేవుడి గూట్లో కార్బురేటరు డబ్బీ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నాకు పెళ్ళయి మూడు నెలలు. కాపురం బెంగళూరు నగరతపేటలో. మావారు సైన్యం ఉండే దండు ప్రాంతంలో ఓ పాత చిన్న మోటారు సైకిలు కొనుక్కొచ్చి, దాన్ని విప్పుతూ బిగిస్తూ అన్నం వేళ కూడా మరిచిపోయేవారు.

ఆయుధపూజనాటికి బండి నడవాలని ఆయన పట్టుదల. పండగనాటి ఉదయం కార్బురేటరు విప్పి, లోపల పెట్రోలులో తేలే ఇత్తడి డబ్బీని కడిగి బావిగట్టు మీద ఆరబెట్టారు. కాసేపటికి అది కనబడలేదు. పండక్కొచ్చిన చుట్టాలతో సహా అందరం పెరడంతా గాలించాం.

"అది లేకుంటే బండి కదల్దు. యాడుండాదో ఏమో" అంటూ ఆయన తల పట్టుకున్నారు.

ఇంతలో అత్తగారు హారతి వెలిగించారు. ఆ వెలుగులో, దేవుడి గూట్లో గంట పక్కన, కుంకుమబొట్టుతో ధగధగా మెరుస్తూ కనబడింది డబ్బీ. అదీ ఒకటనుకుని, బావిగట్టు మీది పూజసామానుతో కలిపి దాన్ని చింతపండుతో తోమి గూట్లో సర్దింది నేనే.

తలవంచుకుని ఆ సంగతి చెప్పాను. చుట్టాలు పగలబడి నవ్వారు. ఆయన చెయ్యి చాచబోతే అత్తగారు ఆపారు.

"ముట్టొద్దప్పా, పూజ కానీ. ఈ దినం ఆయుధం దేవుని దగ్గరే ఉండాల."

పూజయ్యాక బిగిస్తే ఒక్క తన్నుకే బండి అందుకుంది. వెనక కూర్చుని పేటంతా తిరిగొచ్చాను.

ఆ బండి ఉన్నన్నాళ్ళూ ఏటా ఆయుధపూజకు అత్తగారు డబ్బీ అడిగేవారు. బండి బాగానే నడుస్తున్నా ఆయన కార్బురేటరు విప్పేవారు. మోటారు పనిలో నాకు వచ్చింది చింతపండుతో తోమడమొక్కటే; అందులో మాత్రం నన్ను మించిన మెకానిక్కు బెంగళూరులో లేడు.