నా సన్నాయి కోసం ఆగిన గిటారు

మార్కాపురం గిటారు మాస్టారు యేసురత్నం గారు కన్నుమూశారన్న వార్త పోయిన మంగళవారం నేను తొమ్మిదో తరగతికి సమాసాలు చెబుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన భార్య సుగుణమ్మత్త. "అల్లుడూ, మీ మామ పోయినాడు" అన్నది, అంతే. బోర్డు మీద విగ్రహవాక్యం సగంలో ఆగిపోయింది. ముందు రోజే ఆయన ఫోన్ చేసి "సన్నాయి తీసుకుని ఎప్పుడొస్తావురా?" అని అడిగారు. పై ఆదివారం తప్పకుండా వస్తానన్నాను. పదకొండేళ్లుగా నేను చెబుతూ వచ్చిన ఆదివారం అది.

మా మధ్య రక్తసంబంధం లేదు. ఆయనది చర్చిలో పుట్టిన గిటారు. మాది కొనకనమిట్లలో వంశపారంపర్యంగా వస్తున్న పెళ్లి సన్నాయి. నేను బడిలో తెలుగు చెప్పుకుంటూనే ముహూర్తాల రోజుల్లో మేళానికి వెళ్లేవాణ్ణి. ఒక ఊరేగింపులో మా మేళం వెనక, ఆయన బ్యాండు ముందు నడుస్తుండగా, నా సన్నాయి పలుకుకు ఆయన గిటారు మీద బదులిచ్చారు. ఆనాటి నుంచి ఆయన నాకు మామ.

గిటారు పట్టకముందు ఆయన పలకల కార్ఖానాలో పనిచేశారు. రాతిపలకను వేలి కణుపుతో తట్టి, ఆ మోత విని, లోపల బీట ఉందో లేదో చెప్పేవారు. మనుషులనూ ఆ చెవితోనే వినేవారు. శాంతమూర్తి అని మాత్రం నేను రాయలేను. శ్రుతి తప్పితే పాస్టరు గారినైనా పాట మధ్యలో ఆపేసేవారు. తర్వాత ఆయనే వెళ్లి టీ తాగించి వచ్చేవారు.

జాజ్ అనే పరదేశ సంగీతాన్ని ఆయన గురుముఖతః నేర్వలేదు, పాత క్యాసెట్లు అరిగేదాకా విని నేర్చుకున్నారు. "జాజ్ అంటే ఏంది మామా?" అని ఒకసారి అడిగాను.

"శ్రీశైలం పోవాలంటే అందరూ దోర్నాల మీదనే పోతారు. మనమూ అట్లనే పోతాం. కాకుంటే నడుమ అడవిలో దిగి, కాసేపు తిరిగి, మళ్లీ అదే బస్సు ఎక్కుతాం."

"బస్సు పోతే?"

"ఆ భయం ఉండాలరా. అది లేకుంటే వాయించేదాంట్లో రుచి ఉండదు."

ఆయన జీవితస్వప్నం ఒక ఆల్బమ్. మాట ఒక్కటీ లేకుండా, మన మేళం పలుకులూ జాజ్ నడకలూ కలిసి సాగే ఆల్బమ్. పదకొండేళ్ల కిందట, మూతపడిన పలకల షెడ్డులో గోడలకు బొంతలు కట్టి రికార్డింగ్ పెట్టుకున్నారు. గిటారు ఆయనది, తాళం గిద్దలూరు రఫీది. చివరి బాణీలో రఫీ డ్రమ్ము పక్కనపెట్టి రాతిపలకనే మోగించాడు. ఆ బాణీకి మా ఊరి పేరే పెట్టారు. "నడుమ పదహారు ఆవర్తనాలు నీవి. నేనేమీ రాసియ్యను. నీకు తోచింది ఊదు" అన్నారు నాతో.

నాకు భయమేసింది. తాతలు ఊదినదే తప్ప నా అంతట నేను ఒక్క పలుకు ఊదినవాణ్ణి కాదు. రికార్డింగ్ రోజు పొద్దున్నే ఫోన్ చేసి, దొనకొండలో పెళ్లి ఉందని అబద్ధమాడాను. "సరేలే అల్లుడూ" అన్నారు. నా గొంతులో బీట ఆయనకు వినపడిందని నాకు అప్పుడే తెలుసు.

ఇంకో సన్నాయిని పిలుద్దామని రఫీ అంటే, "అది వాడి చోటు. వాడొచ్చి కూర్చుంటాడులే" అన్నారట. ఆల్బమ్ అట్లాగే వెలువడింది. ఆఖరి బాణీలో గిటారు ఆగిపోతుంది. పదహారు ఆవర్తనాలు పలక మోత ఒక్కటే. తర్వాత గిటారు ఉన్నట్టుండి అందుకుంటుంది. ఎవరో అడిగినదానికి బదులు చెబుతున్నట్టుండే ఆ అందుకోవడం నాకెప్పుడూ అతికినట్టనిపించలేదు. బస్టాండు దగ్గర టీకొట్టులో ఒక పెద్దాయన "ఏంది మాస్టారూ, నడుమ కరెంటు పోయినాదా?" అని అడిగాడు. "లేదన్నా, మా అల్లుడు రావాల" అన్నారు మామ. నేను పక్కనే తలొంచుకుని టీ తాగుతున్నాను.

మొన్న ఆదివారం మామ ఇంట్లో ఆయన్ని తలుచుకుంటూ ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థనలయ్యాక అత్త నా దగ్గరకొచ్చి "సన్నాయి తెచ్చినావా?" అని అడిగింది. సంచిలోనే ఉంది. చావింట్లో మంగళవాద్యం ఎట్లా అని నసిగాను.

"నీకని పెట్టిన చోటు. ఎట్లా అని నన్ను అడగాకు" అన్నది.

రఫీ ఆ బాణీ పెట్టాడు. గిటారు ఆగింది. పలక మోగుతోంది. సన్నాయి ఎత్తాను. నాలుగో ఆవర్తనంలో తప్పాను. ఏడోదానికి దారి దొరికింది. తర్వాత భయం సంగతే గుర్తులేదు. చివర, మా తాత మేళం ముగించినట్టే పంచమం మీద ఆగాను. సరిగ్గా ఆ పంచమం మీదే గిటారు అందుకుంది. నేనెక్కడ ఆగుతానో మామ పదకొండేళ్ల కిందటే విని పెట్టుకున్నారు.

పశ్చిమ ప్రకాశంలో గిటారు వాయించేవాళ్లు ఇంకా పుడతారు. ఊదని సన్నాయిని కూడా వినగలిగిన ఆ చెవి మాత్రం మళ్లీ రాదు. నా అబద్ధాన్ని ఒక్కనాడూ ఎత్తిచూపని ఆ మహనీయుడికి నా సాష్టాంగ ప్రణామం. మామా, ఆదివారం వచ్చినాను.