అమ్మ వండిన కోడికూర

మా ఇంట్లో కోడిగుడ్డు పెంకు కూడా ఏనాడూ గడప దాటి లోపలికి రాలేదు. జగదల్‌పూర్‌లో మాది గిన్నెల కొట్టు. తాతల కాలంలో కోంట నుంచి వచ్చి స్థిరపడ్డ కోమట్లం. సంతరోజున పల్లెల నుంచి వచ్చి మా దగ్గర అల్యూమినియం గుండిగలు కొనుక్కుపోయేవాళ్ళు వాటిలో ఏం వండుకుంటారో మాకు బాగా తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండడం మా వ్యాపారంలో ఒక మర్యాద. అలాంటి ఇంట్లో, డెబ్బై దాటిన మా అమ్మ, పెరట్లో మూడు ఇటుకలు పేర్చి కోడికూర వండింది. కుక్క కోసం.

ఆ కుక్క మా నాన్నది. ఆయన కొన్నదీ కాదు, తెచ్చిందీ కాదు. కొట్టు మెట్ల మీద పడుకునే గోధుమరంగు వీధికుక్క. ఒక చెవి నిలబడేది, ఇంకోటి వాలిపోయేది. నాన్న టీ తాగేటప్పుడల్లా దానికి రెండు బిస్కెట్లు వేసేవాడు. మాకు పెట్టేటప్పుడు లేని ఓపిక అప్పుడు వచ్చేది ఆయనకి. ఆయన పోయాక కర్మలన్నీ అయ్యేదాకా కొట్టు మూసేశాం. మళ్ళీ షట్టరు ఎత్తిన రోజున అది మెట్ల మీదే ఉంది, డొక్కలు బయటపడి. ఆ సాయంత్రం అమ్మ ఆటో పిలిపించింది. కుక్కని ఎక్కించుకోనని ఆటో అతను గునిస్తే, "మనిషి లెక్కనే కిరాయిస్త, తోలు" అంది. దానికి పేరేం పెట్టలేదు. "బిడ్డా" అని పిలిచేది. ఇంట్లో అసలు బిడ్డని నేనుండగా ఆ పిలుపుకి అదే తోక ఊపుకుంటూ వెళ్ళేది. నేను పెళ్ళి చేసుకోలేదు, కొట్టు నేనే చూసుకుంటాను, కాబట్టి ఆ ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే.

ఆ ఏడాదే నాన్న అస్థికలు తీసుకుని కాశీ వెళ్ళాం. కాశీకి పోతే ఒక పండూ ఒక కూరగాయా గంగలో వదిలేసి రావాలి, ఇక బతికినన్నాళ్ళూ దాన్ని ముట్టకూడదు. మా చుట్టాల్లో చాలామంది కాకరకాయ వదిలేసి చవకలో పుణ్యం కొట్టేశారు. అమ్మకి ఆ గడుసుతనం లేదు. ఆమె ప్రాణమంతా సీతాఫలం మీదే ఉండేది, మా వైపు ఆ కాలం వస్తే బుట్టలకు బుట్టలు దిగుతాయి. అదే వదిలింది. కూరల్లో వంకాయ వదిలింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ ఉల్లిగడ్డ కూడా వదిలెయ్యరాదూ, ఒక పనైపోతుంది" అన్నాను.

"ఉల్లి వదిల్తె ముద్దెట్ల దిగుతదే? అది మాత్రం నాతోనే కాష్టానికి రావాలె" అంది.

నిజమే. మా ఇంట్లో ఉల్లిపాయ లేని కంచం ఉండేది కాదు. నాన్నకి పప్పన్నంలోనూ పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క ఉండాల్సిందే. వడ్డించడం మరిచిపోతే ఆయన ఏమీ అనేవాడు కాదు, చెయ్యి ఆపి కూర్చునేవాడు. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని గబగబా తరిగేది. వాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు ప్రేమ చూపించుకోవడం నేను చూసిందల్లా అదొక్కటే.

కాశీ నుంచి వచ్చాక కుక్క సంగతి చూస్తే, పెరుగన్నం, పప్పన్నం పెట్టినదల్లా తింటోంది గానీ ఒంటికి పట్టడం లేదు. బొచ్చు రాలిపోతోంది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాని నోరు తెరిచి చూసి, ఏం పెడుతున్నారని అడిగి, చెప్పింది విని నవ్వాడు. "దీదీ, దీన్ని కూడా మీ కులంలో కలిపేశారా?" అన్నాడు హిందీలో. రోజూ కాస్త కోడిమాంసం సాదాగా ఉడకబెట్టి అన్నంలో కలిపి పెట్టమన్నాడు. ఉప్పు, కారం, మసాలా వద్దన్నాడు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు అమ్మకి చెప్పాను. ఛీ అంటుందనే అనుకున్నాను. ఆమె కాసేపు కుక్క వంక చూసింది. "ఇంట్ల గాదు గదా, పెరట్ల వండొచ్చు గదా?" అంది.

మాంసం తేవడం నా వంతు. ముర్గా దుకాణం ముందు నిలబడడం అదే మొదటిసారి. దుకాణదారు మా కొట్లో పళ్ళేలు కొన్నవాడే. నన్ను చూసి కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేశాడు. "దీదీ, ఆప్?" అన్నాడు. కుక్కకి అన్నాను, అవసరం లేనంత గట్టిగా, పక్కవాళ్ళకీ వినపడాలని. కాగితంలో చుట్టి, సంచీలో పెట్టి, ఆ సంచీని ఇంకో సంచీలో పెట్టుకుని దొంగసొమ్ములా ఇంటికి మోసుకొచ్చాను. అంత చేసినా సాయంత్రానికల్లా బజారంతా పాకింది. ఎదురింటి మా కులపావిడ గేటు దగ్గరే అమ్మని పట్టుకుంది.

"ఏంది వదినా, కోడికూర మొదలుబెట్టిండ్రంట?"

"అవు వదినా. మస్తు కుదురుతాంది. రేపు గిన్నె బట్టుకొని రా" అంది అమ్మ. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గుండిగ కొట్లోదే. లారీలో సొట్టపోయి అమ్ముడుపోకుండా మూలన పడున్నది. అది వంటింటి గుమ్మం ఎక్కకూడదు. పెరటి గోడ మీదే బోర్లించేది. అమ్మ ఒక పాత చీర ఆ పనికే కేటాయించుకుంది. ముక్కుకి కొంగు చుట్టుకుని, మాంసం చేత్తో ముట్టకుండా సంచీలోంచే నీళ్ళలోకి జారవిడిచి, వెదురుపుల్లతో కలిపేది. ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇద్దరికీ తెలీదు. కంద ఉడికిందో లేదో చూసినట్టు పుల్లతో గుచ్చి చూసేది. వంట కాగానే నెత్తిన నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని, అప్పుడు దేవుడి దగ్గర దీపం పెట్టేది. ఇంత తతంగం చూసి నాకు నవ్వొచ్చేది, కాస్త చిరాకూ వేసేది.

అందులో ఆమె ఉల్లిపాయలు వేసేది.

కారం వేయలేదు, ఉప్పు వేయలేదు, మసాలా అసలే లేదు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు పాటించింది. ఉల్లిపాయ మసాలా ఎలా అవుతుంది? అది కూరగాయ. పైగా నీచు వాసన పోవాలంటే ఉల్లి పడాలని ఎప్పుడో ఎవరో అంటుంటే విన్నది. అన్నిటికీ మించి, ఉల్లి లేకుండా ఒక ప్రాణికి అన్నం పెట్టడం ఆమెకి తెలీదు. మా ఇంటి కత్తిపీట మీదే, నాన్నకి తరిగినట్టే సన్నగా తరిగి, దోసిలి నిండా తెచ్చి గుండిగలో పోసేది. "ఉత్త నీళ్లల్ల ఉడకబెట్టి ఎట్ల పెడ్తమే? నోరులేందైతే మాత్రం?" అనేది. నేను అక్కడే నిలబడి చూసేదాన్ని. నాకూ అది సబబుగానే తోచింది. మాంసం తినే ఇంట్లోనైతే ఒకరోజు వేసి ఒకరోజు మానేవాళ్ళేమో, మిగిలిన ముక్క విసిరేసేవాళ్ళేమో. మాకు అది పథ్యం, వ్రతం లాంటిది, ఒక్కరోజు తప్పడానికి వీల్లేదు.

కుక్క ఎంత ఇష్టంగా తినేదో. పళ్ళెం గోడదాకా నెట్టుకుపోయి నాకేది. అమ్మ పెరటి గట్టు మీద చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుని చూసేది. నాన్న పోయాక ఆమె ఎవరైనా తింటుంటే అలా కూర్చుని చూడడం అదే మొదలు. నేను తినేటప్పుడు వడ్డించి వెళ్ళిపోయేది. నాన్న పీట ఖాళీగా కనపడుతుందని కాబోలు. పెరట్లో మాత్రం కదిలేది కాదు. కుక్క మొదట్లో కాస్త తేరుకుంది కూడా. బొచ్చు వచ్చింది. అమ్మ ఇంకో ఉల్లిపాయ ఎక్కువ వేయడం మొదలుపెట్టింది.

వానలు ముదిరాక అది నీరసపడింది. ముందు గేటు దాకా రావడం మానేసింది. తర్వాత లేచి నిలబడితే ఒగర్చేది. వానాకాలం జబ్బనుకున్నాం. ఒకరోజు దాని మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో కనపడితే భయమేసి ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది.

డాక్టరు దాని పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఏం పెడుతున్నారని మళ్ళీ అడిగాడు. చెప్పాను. ఉల్లిపాయ అనగానే తలెత్తాడు. "రోజూనా?" అన్నాడు. రోజూ అన్నాను, కొంచెం గర్వంగానే. అప్పుడాయన మెల్లగా చెప్పాడు. ఉల్లిపాయ కుక్కలకి విషమట. రోజూ పడితే లోపల రక్తం విరిగిపోతుందట. మనుషులు తినేది కదా అని చాలామంది పెడతారట, తెలీక. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బావుండేది, నేనూ ఎదురు మాట్లాడి ఉండేదాన్ని. "వండేది మా అమ్మ" అని మాత్రం అన్నాను. ఆయన ఇంజెక్షన్ ఇచ్చి, చూద్దాం అన్నాడు.

దారంతా ఒకటే ఆలోచన. అమ్మకి ఇది తెలియకూడదు. మొగుణ్ణి పోగొట్టుకుని ఏడాది తిరక్కముందే, ఆయన వదిలి వెళ్ళినదాన్ని బతికించుకుందామని పుట్టి బుద్ధెరిగి చేయని పని చేసిన మనిషి. ఆమెతో ఆ మాట ఎవరంటారు?

ఇంటికొచ్చి, వరండాలో తీగ మీది బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాను. "ఒంట్లో రక్తం తగ్గిందట. గట్టి పథ్యం చెప్పాడు. ఉత్త మాంసం, గంజి, అంతే. ఇంకేమీ వద్దట" అన్నాను.

"ఉల్లి గూడనా?"

"ఉల్లి కూడా. పథ్యం అంటే అన్నీ మానాలి కదా" అన్నాను, తువ్వాలు మడతలు సరిచేస్తూ.

ఆ రోజు నుంచి అమ్మ ఉత్త నీళ్ళలోనే ఉడకబెట్టింది. కుక్క మూతి పక్కకి తిప్పేసుకునేది. అప్పుడు అమ్మ ఏం చేసిందో చెప్తే మా చుట్టాలు నమ్మరు. ముక్కుకి కట్టిన కొంగు తీసేసింది. పుల్ల పక్కన పడేసింది. గుండిగలో చెయ్యి పెట్టి, మెత్తని ముక్క ఏరి, వేళ్ళతో చిదిమి, దాని నోటికి అందించింది. "తిను బిడ్డా, ఒక్క ముద్ద. నా కోసం ఒక్క ముద్ద తిను." అది ఆమె ముఖంలోకి చూసి, మొహమాటపడ్డట్టు ఒక ముక్క తీసుకునేది. ఆ వేళ్ళు, గుడ్డు తగిలిన సంచీని కూడా బయటే ఉంచే ఆ మనిషి వేళ్ళు, అది నాకుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

రెండు మూడు రోజులు లేచి తిరిగింది. మాకు ఆశ పుట్టింది. దసరా ముందర ఒక పొద్దున అమ్మ గంజి తీసుకుని పెరట్లోకి వెళ్ళి, చాలాసేపటికి గంజితోనే తిరిగొచ్చింది. "పోయిందే" అంది.

బొప్పాయి చెట్టు పక్కన పూడ్చాం. అమ్మ ఆ సొట్ట గుండిగని బూడిద పెట్టి తళతళలాడేలా తోమి, గోడ మీద బోర్లించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత కార్తీకమాసం వచ్చింది. కార్తీకంలో మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉండవు. కాబట్టి నేనేమీ గమనించలేదు. పోలి పాడ్యమికి గోదావరిలో దీపం వదలాలని ఉందంటే, అమ్మని బస్సులో భద్రాచలం తీసుకెళ్ళాను. పొద్దున్నే రేవులో ఆడవాళ్ళందరూ అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. నేను పొడిబట్టలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. అమ్మ నడుంలోతు నీళ్ళలో దీపం వదిలి, మళ్ళీ దోసిలి నింపుకుని, నాన్న పేరు చెప్పింది. తర్వాత నాకు వినపడేలానే అంది.

"తల్లీ, ఉల్లి వదిలిన. ఈ జన్మల ముట్ట."

తడిబట్టలతో మెట్లెక్కి వచ్చింది. తువ్వాలు అందించాను. "అమ్మా, డాక్టరు పథ్యమనే..." అన్నాను.

"ఊకో" అంది. "డాక్టరు దగ్గర్నుంచొచ్చిన్నాడు నా మొఖం జూడకుంట బట్టలు మడతబెట్టినవ్. నువ్వెన్నడు బట్టలు మడతబెట్టినవే?"

అంటే కుక్కకి చేతితో తినిపించినన్ని రోజులూ ఆమెకి తెలుసు. తెలిసే తినిపించింది. తనకి తెలియదని నేను అనుకుంటున్నానని, తెలిసినట్టు కనపడకుండా ఆమే నన్ను కాపాడుతూ వచ్చింది.

రేవు పైన హోటల్లో కూర్చున్నాం. సర్వరు వచ్చాడు. అమ్మ దోసె చెప్పి, ఉల్లి వేయొద్దంది. "కార్తీకం అయిపోయింది గదమ్మా" అన్నాడతను. నాకూ ఉల్లి లేకుండానే తెమ్మన్నాను.

అమ్మకి కోపం వచ్చింది. "నువ్వెందుకే? నువ్వేం జేసినవని మానుడు? ఏయ్, దీనికి ఉల్లిదోసె దే" అని అతనికి చెప్పేసింది.

"నువ్వు మాత్రం ఏం చేశావమ్మా?" అన్నాను. "అన్నం పెట్టావు. అంతేగా నువ్వు చేసింది."

"అంతేనే" అంది అమ్మ. "అదే చేసిన."

దోసెలు వచ్చాయి. నేను ఉల్లిదోసె ముందు చెయ్యి ఆపి కూర్చున్నాను. చల్లారిపోతుందని ఆమే నా పళ్ళేన్ని ముందుకు జరిపింది.