బండి కోసం కొన్న ఇల్లు

మొన్న ఆదివారం ప్లాస్టిక్ కుర్చీలమ్మే ట్రాలీ ఆటో ఒకటి మా వీధిలోకొచ్చి, వెనక్కి తిప్పుకునే చోటు చాలక మా దక్షిణం గేటులోకి సగం దూరి అక్కడే ఇరుక్కుపోయింది. నేను చేతికర్ర పట్టుకుని బయటికి వెళ్ళి, రానీ రానీ అంటూ, ఆపు ఆపు అంటూ, ఆ డ్రైవరు నా మాట చెవిన పెట్టకపోతే వాడి మీద కేకలేస్తూ అవస్థ పడుతుంటే, మా ఆవిడ అరుగు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతోందో నాకు తెలుసు. ఆ గేటు సంగతి తలుచుకుంటే ఆవిడకు నవ్వొస్తుంది, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లోకంలో అందరూ ముందు ఇల్లు కొనుక్కుని ఆ తర్వాత బండి కొనుక్కుంటారు. బండి పెట్టుకోవడానికి చోటు లేక ఇల్లు కొన్నవాణ్ణి, అదీ కదలని బండి కోసం కొన్నవాణ్ణి, ఈ దివిసీమ మొత్తం మీద నేనొక్కణ్ణేనేమో.

ఆ రోజుల్లో నేను బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు పూత పూసే పనిలో ఉండేవాణ్ణి. వీధి వైపు రెండు గదుల అద్దె వాటాలో అమ్మ, నేను, మా ఆవిడ సర్దుకుని ఉండేవాళ్ళం. మాది నాగాయలంక అవతల సముద్రం మీద బతికిన కుటుంబం. నాన్న మాత్రం పడవ వదిలేసి స్టీరింగు పట్టుకున్నాడు, ఒక చేపల షావుకారు దగ్గర పికప్ వ్యాను నడిపేవాడు. తెల్లారకుండానే రేవులో సరుకెత్తుకుని అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా గుడివాడ మార్కెట్టుకు చేర్చడం ఆయన పని. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చేపల గంపతో బస్సెక్కబోతే కండక్టరు ఎలా కసిరి దింపేసేవాడో. అందుకని గంపల్లో చేపలమ్ముకునే ఆడవాళ్ళంతా ఆ వ్యానులోనే వెళ్ళేవాళ్ళు. అమ్మ కూడా వాళ్ళలో ఒకతి. నడిపేది సొంత మొగుడే అయినా ఆవిడ ఏనాడూ ముందు సీట్లో కూర్చోలేదు, ఎందుకంటే అది షావుకారు సీటు. అమ్మ వెనక తొట్టిలో, కారే ఐసునీళ్ళలో, గంపను రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చునేది.

నాన్న పోయిన చాలా ఏళ్ళకు, పని మీద గుడివాడ వెళ్ళినప్పుడు, షావుకారు వాళ్ళ మూతపడిన ఐసు ఫ్యాక్టరీ వెనక పెరట్లో ఆ వ్యాను నా కంట పడింది. బానెట్టు కింద కోడి పొదుగుతోంది. షావుకారు కొడుకును అడిగితే, చోటు ఖాళీ అవుతుందన్న సంతోషంతో తీసుకెళ్ళిపోండన్నాడు. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి చిలకలపూడిలో మా వాటా ముందు నిలబెట్టాను. అమ్మ బయటికొచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, స్ప్రింగులు పైకి తేలిన ముందు సీటు మీద చెయ్యేసి చూసి, ఇందులో కూర్చుని ఒక్కసారి గుడివాడ వెళ్ళొస్తే బాగుండునురా అంది. ఆవిడ నా దగ్గర నోరు తెరిచి ఒక కోరిక కోరడం నాకు తెలిసి అదే మొదలు. అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి, కళ్ళలో పొర కమ్ముతోంది, నా దగ్గర బోలెడు సమయం లేదని నాకు అర్థమైంది. ఆ నిమిషం నుంచీ నాకు వేరే ధ్యాస లేదు.

ఇంక మొదలైంది నా ఖర్మ. ఉప్పునీళ్ళు తాగి తాగి బండి అడుగంతా అప్పడంలా అయిపోయింది, వేలితో నొక్కితే రాలిపోయేది. నగలకు మెరుగు పెట్టే చెయ్యి కదా, దీనికీ ఒక పూత పూసెయ్యండి, మెళ్ళో వేసుకు తిరుగుతాను అని మా ఆవిడ ఎగతాళి. ఇంటాయన రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వచ్చి, బండి వల్ల మురిక్కాలవ శుభ్రం చేసేవాళ్ళకు అడ్డమని ఒకరోజు, వీధి గుమ్మానికి ఎదురుగా తుప్పు ఉండటం అరిష్టమని ఒకరోజు సతాయించేవాడు. చివరికి బండి తీస్తారా, మీరు కూడా వెళతారా అన్నాడు. పౌరుషానికి పోయి, రెండూ జరుగుతాయని అనేశాను. అలా ఇల్లు వెతకడం మొదలైంది. పెద్ద పెరడుండాలి, షెడ్డుండాలి, వీధిలోంచి బండి నేరుగా లోపలికి రావాలి. గదులెన్ని, నీళ్ళెలా ఉంటాయని మా ఆవిడ అడిగితే గానీ నేను చూడలేదు.

అవనిగడ్డ దాటాక, కాలవ పక్కన, దొరికింది ఈ పెంకుటిల్లు. దక్షిణం వైపు వీధి, ఎడ్లబండి దూరేటంత వాకిలి, పెరట్లో పశువుల పాక. బేరం కుదిరింది, మాట అయిపోయింది, కానీ ఇల్లమ్మినాయన కదిలితే కదా! వెళ్ళిన ప్రతిసారీ మజ్జిగ ఇచ్చి మర్యాద చేసేవాడు, మజ్జిగతో పాటు కొత్త సాకొకటి ఇచ్చేవాడు. నూర్పిళ్ళు అవనివ్వమన్నాడు. అయ్యాయి. గడ్డివామికి వేరే చోటు చూసుకోవాలన్నాడు. చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన గేదె చూలుతో ఉందనీ, అలవాటైన పాకలో ఈనితే గానీ తోలుకెళ్ళననీ అన్నాడు. గేదె ఈనడం కోసం రిజిస్ట్రేషను ఆపుకున్నవాణ్ణి నేను. పాపం ఆయన ఒక్క మేలు చేశాడు, ఇల్లు చేతికి రాకముందే బండిని పెరట్లో పెట్టుకోనిచ్చాడు. మళ్ళీ ట్రాక్టరు, మళ్ళీ తాళ్ళు. గేదె ఒక పక్క, మా బండి ఒక పక్క, రెండూ కదలకుండా నెలలు గడిపాయి.

మెకానిక్ సాయిబుగారు బందరు నుంచి ఆదివారాలు బస్సులో వచ్చేవాడు. నన్ను బావా అని పిలిచేవాడు, అమ్మను అమ్మా అనేవాడు, మనిషి వెన్న. కానీ ఆయన పని వరస చూస్తే దేవుడికైనా విసుగొస్తుంది. మొట్టమొదట హారను బాగుచేశాడు. ఇంజనులో చలనం లేదు, చక్రాల్లో గాలి లేదు, హారను మాత్రం ఊరంతా వినపడేలా మోగేది. తర్వాత తలుపులకు అద్దాలు బిగించాడు. ఇంజను సంగతేమిటండీ అంటే, వస్తున్నా బావా, దాని దగ్గరికే వస్తున్నా అనేవాడు. వచ్చిన ప్రతిసారీ ఒక సామాను విప్పి సంచిలో వేసుకుని బందరు పట్టుకెళ్ళేవాడు, వచ్చేవారం అది తేవడం మరిచిపోయి ఇంకోటి విప్పేవాడు. ఒకసారి రేడియేటరు ఏమైందో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. చివరికి వాళ్ళింట్లో మేకలకు నీళ్ళు పెట్టే గాబు పక్కన దొరికింది.

ఈలోగా గేదె ఈనింది, ఇల్లు మాదైంది. అప్పుడు దిగాడు మా బావమరిది. అంతకుముందు రెండేళ్ళ నుంచీ ఆయనకు వాస్తు పట్టుకుంది. పెరట్లో నిలబడి జేబులోంచి దిక్సూచి తీసి, ఆ వాకిలి నైరుతిలో ఉందక్కా, యజమానికి గండం అన్నాడు. యజమాని అంటే నేనే. మా ఆవిడ ముఖం పాలిపోయింది. వాకిలి మూయిస్తే గానీ పాలు పొంగించనని భీష్మించుకుంది. నా మీది ప్రేమతోనే అందని తెలుసు, దానికి నేనేమంటాను? పై నెల ఆషాఢం, ముహూర్తాలుండవు. నేను పనిలో ఉన్న వారంలో బావమరిది మేస్త్రీని పిలిచి దక్షిణం వాకిలికి అడ్డంగా నిలువెత్తు గోడ కట్టించి, తూర్పున కాలవగట్టు మీదికి చిన్న గుమ్మం తెరిపించాడు. గుమ్మం దిగితే మూడు మెట్లు, మెట్లు దిగితే కాలవ మీద మనుషులు నడిచే బల్ల. ఆదివారం నేనొచ్చి గోడ చూసి, సున్నం బాగా వేశారే అని మెచ్చుకున్నాను కూడా. పాలు పొంగాయి, పులిహోర తిన్నాం, సాయిబుగారు రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. చెబితే నమ్మరు గానీ, ఇంతమందిలో ఒక్కరికీ బండి గుర్తు రాలేదు. అన్నాళ్ళు కదలకపోయేసరికి అది కూడా పెరట్లో కొబ్బరిచెట్టులాగా అయిపోయిందేమో.

కార్తీకమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏం చేశాడో ఏమో, సాయిబుగారి చేతికింద ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఒక్కసారిగా అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. బావమరిది కొబ్బరికాయ కొట్టాడు. అమ్మ ఉతికిన చీర కట్టుకుని, మా ఆవిడ భుజం పట్టుకుని, ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. సాయిబుగారు స్టీరింగు ముందు కూర్చుని, గేరు వేసి, వెనక్కి తిరిగి చూసి, కాసేపు అలాగే చూసి నెమ్మదిగా అన్నాడు:

"బావా, మరి దారేదీ?"

దక్షిణాన గోడ, పడమట గోడ, ఉత్తరాన పక్కింటివాళ్ళ వంటిల్లు, తూర్పున మూడు మెట్లు. ఏ బండి కోసం ఆ ఇల్లు కొన్నానో ఆ బండిని ఆ ఇంట్లోనే సమాధి కట్టేశాం. నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. ముందు బావమరిది మీద అరిచాను, తర్వాత మా ఆవిడ మీద, పాపం ఏ సంబంధమూ లేని సాయిబుగారి మీద కూడా. గునపం కోసం పరిగెత్తితే బావమరిది అడ్డం పడ్డాడు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని, గండం అంటే మీకు వేళాకోళంగా ఉందా, మీకేదైనా అయితే నేనేం కావాలని ఏడ్చింది. ఇంజను అలా తిరుగుతూనే ఉంది. దిగమ్మా, ఈ జన్మకింతే అని నేనంటే, అమ్మ దిగలేదు. అద్దంలోంచి ఎదురుగా గోడను చూస్తూ, ఎవరినీ నిందించకుండా అంది:

"వెనక కూర్చుంటే వెళ్ళిపోయే రోడ్డే కనపడేదిరా. ఎదురొచ్చే రోడ్డు ఎట్టా ఉంటదో చూద్దామనుకున్నా. పోనీలే."

ఆ పోనీలే వినగానే మా ఆవిడ చేతులు నా చొక్కా వదిలేశాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, పాకలోకి వెళ్ళి, గునపం తానే తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. కట్టించింది నువ్వేగా, కొట్టెయ్యి అంది. గండం సంగతేంటక్కా అని ఆయన నసిగితే, వచ్చినప్పుడు చూసుకుందాం, ముందు ఇది కానీ అంది. వాస్తు నేర్చిన మనిషి గోడ కొట్టడం నేర్చుకోలేదు పాపం, చీకటి పడేదాకా కొడుతూనే ఉన్నాడు.

మర్నాడు పనికి సెలవు పెట్టి తెల్లవారుతూనే బయల్దేరాం. స్టీరింగు నాది. తన ఇంజను మీద తనకే నమ్మకం లేని సాయిబుగారు నీళ్ళడబ్బాతో వెనక తొట్టిలో కూర్చున్నాడు. అమ్మ ముందు సీట్లో, ఒళ్ళో వక్కల సంచితో, పెళ్ళికూతురంత బిగుసుకుని కూర్చుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుంటే పొద్దు పొడిచింది. అమ్మా, అటు చూడు అన్నాను. పలకలేదు. తిరిగి చూద్దును గదా, తల తలుపుకు ఆనించి నిద్రపోతోంది. మోపిదేవి వచ్చింది, నిద్రే. చల్లపల్లిలో హారను కొట్టాను, చలించలేదు. నాకు ఎంత ఉక్రోషం వచ్చిందో చెప్పలేను. ఇన్ని తిప్పలు పడింది దీనికా! కూచిపూడి దగ్గర భుజం పట్టి కుదపబోతే, వెనక అద్దంలోంచి సాయిబుగారు "అమ్మని లేపొద్దు బావా" అని కేకేశాడు. పామర్రు, ఆ తర్వాత ఎర్రటి ఎండలో రెండు వైపులా కోతకొచ్చిన వరిచేలు, ఎదురొచ్చే రోడ్డంతా నేనొక్కణ్ణే చూశాను.

గుడివాడ మార్కెట్టు ముందు ఆపాక గానీ కళ్ళు తెరవలేదు. అప్పుడే వచ్చేశామా అంది. ఆ, దారంతా నిద్రపోయావు, ఇంక నీకేం కనపడుతుంది అని కసురుకున్నాను. అమ్మ తప్పు చేసినదానిలా నవ్వి, పైట సర్దుకుని అంది:

"వెనకాల కన్ను మూస్తే గంప జారిపోయేదిరా. ఎన్నేళ్ళు తిరిగినా ఈ దారిలో ఒక్కరోజు కునుకు తియ్యలేదు. ముందు కూర్చుని షావుకారు ఎందుకు గురక పెట్టేవాడో ఇయ్యాళ తెలిసింది."

మార్కెట్టులో ఆవిణ్ణి గుర్తుపట్టిన ఒకరిద్దరు ముసలివాళ్ళతో మాట్లాడించి, ఇడ్లీ తినిపించి తీసుకొచ్చేశాను. వచ్చేటప్పుడు కూడా నిద్రపోయింది.

అమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది గానీ, మోకాళ్ళు సహకరించక మళ్ళీ గుడివాడ ప్రయాణం పెట్టుకోలేదు. బండిని నందివాడ వైపు ఒకాయన చేపల చెరువులకు మేత మోయడానికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఆ దారి వెడల్పయింది, వరిచేలలో చాలా భాగం చెరువులైపోయింది, చేపలు ఐసుపెట్టెల్లో లారీలెక్కి మన కళ్ళబడకుండానే ఎక్కడెక్కడికో వెళ్ళిపోతున్నాయి. బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదంటున్నారు, మంచిదే. గంపతో ఎక్కనిస్తావా అని కండక్టరును అడగాలని నాకెప్పుడూ నోటిదాకా వస్తుంది, కానీ అడగడానికి గంప నెత్తిన పెట్టుకున్న మనిషి స్టాండులో ఒక్కరైనా కనపడరు. అమ్మకు ఎదురొచ్చే రోడ్డు చూపించలేకపోయానన్న కష్టం నాకింకా తీరలేదు. ఇప్పుడు ఎప్పుడైనా కారు మాట్లాడుకుని గుడివాడ వెళితే, నేను వెనక కూర్చుని మా ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెడతాను. పులిగడ్డ దాటేసరికి ఆవిడ తల పక్కకు వాలిపోతుంది, డ్రైవరు పాట పెట్టబోతే వద్దని చెయ్యి ఊపుతాను.