గుట్టల ఊరికి ఎండాకాలం చుట్టాలు

ఎండాకాలం వచ్చిందంటే మా ఇల్లు సత్రమైతుండె. భూపాలపల్లి అవతల, చుట్టూ గుట్టలు, నడుమ పిడికెడు ఊరు మాది. మా ఆయన ఆ ఊరి బడిల పంతులు. ఎనభైల మొదట్ల సంగతి. అప్పటికి చెల్పూరు దిక్కు కరెంటు ఫ్యాక్టరీ లేదు, పొగ గొట్టాలు లేవు. గుట్ట మీదికెళ్లి చల్లగాలి వస్తదని, అడివి పండ్లు దొరుకుతయని, బడులకు సెలవులిచ్చుడే ఆలస్యం, మా ఆయన తరఫు చుట్టాలు మూటలు కట్టుకొని దిగుతుండిరి. చల్లగాలి సంగతి దేవుడెరుగు, పగటీలి బండలు కాగినంక మా ఇల్లు పొయ్యి మీది పెనమే. అయినా వచ్చినోళ్లు చెమట తుడుసుకుంట కూడా చల్లగున్నదనే అంటుండిరి.

వాళ్లకు ఊరు చూపిచ్చే పని నాది. తెల్లారంగనే గుట్ట ఎక్కియ్యాలె. సగం ఎక్కినంక గుహల్ల ఎర్ర రంగుతోని గీసిన బొమ్మలుంటయి. జింకలు, మనుషులు, ఇంకేందేందో, ఎన్నటియో ఏమో. ప్రతి ఒక్కరు వాటి ముంగట నిలబడి ఇవి ఎవరు గీసిండ్రని నన్నే అడుగుతరు. నాకేం తెల్సు? మొదటేడు తెల్వదని చెప్పిన, మొఖాలు చిన్నవోయినయి. రెండో ఏడు నుంచి నోటికొచ్చిన కథ చెప్పుడు మొదలువెట్టిన. అందరు మస్తు ఖుషీ అయితుండిరి.

గుట్ట దిగినంక వాగు. ఎండాకాలం వాగుల నీళ్లెక్కడియి, ఉత్త ఇసుకే. ఇసుకల గుంత తోడితే అడుగున నీళ్లూరుతయి. గా చెలిమెల నీళ్లే మేం చిప్పతోని ముంచి బిందెలు నింపుకునేటియి. పట్నం పిల్లలకు గది పెద్ద ఆట. నేను తోడిన చెలిమెల కాళ్లువెట్టి బురద చేస్తరు, నేను మళ్లొకటి తోడుకుంట. తర్వాత తునికి పండ్లకు, మొర్రి పండ్లకు అడివికి. సాయంత్రం తునికాకు కల్లానికి. బీడీల ఆకు కట్టలు నేల మీద వరుసలు వరుసలుగ ఎండవోసి ఉంటే చూసి వాళ్లకు అదొక సంబురం. ఇంటికొచ్చినంక అందరు కాళ్లు సాపుకొని అమ్మో నొప్పులు అంటరు. వంట మటుకు నేనే చెయ్యాలె. జీతం లేని గైడును, జీతం లేని వంటమనిషిని.

ఆ ఏడు మా పెద్దాడబిడ్డ వచ్చింది మానుకోట నుంచి, పెనిమిటిని, ముగ్గురు పిల్లలను తీసుకొని. ఆమె మంచిది. ఆ మాట ముందే చెప్పాలె, లేకుంటే నా కండ్లు పోతయి. మా ఆయన చిన్నప్పుడే మా అత్త పోతే ఆయనను సాకి సంతరిచ్చింది ఆమెనే. అక్క అంటే మా ఆయనకు ప్రాణం. పదిహేను రోజులుండి, బేస్తారం పొద్దుగాల బస్సుకు పోతమని వచ్చిన్నాడే చెప్పిండ్రు.

వాళ్లొచ్చిన ఆరో రోజు మా అన్న రాసిన కార్డు వచ్చింది. మా తల్లిగారూరు దేవరుప్పుల దగ్గర. బాపుకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయని రాసిండు. జనగామ దవాఖానల చూపిచ్చిండ్రట, ఇంటికి తెచ్చిండ్రట. మాట ఉన్నది, సోయి ఉన్నది. కింద ఇంకో ముక్క రాసిండు: "రోజు నిన్నే అడుగుతుండు. నీతోని ఒక మాట చెప్పేది ఉన్నదట. మేం అడిగితే చెప్తలేడు."

అరవైతొమ్మిది తెలంగాణ గొడవలకు బడులు బందువడ్డప్పుడు నన్ను ఇంట్ల కూసుండవెట్టుకొని పాత పేపర్లు ముందటేసి చదువుడు నేర్పిన మనిషి బాపు. ఆడివిల్లకు గింత చదువెందుకని ఎవరన్న అంటే వాళ్లమీదికి లేసిన మనిషి. నాకు ఏం చెప్తడో? పొలం సంగతా, అమ్మ సంగతా, నా మీద ఏమన్న కోపమా? ఎంత ఆలోచన చేసినా అంతు చిక్కలే.

మా ఆయనకు కార్డు చూపిచ్చిన. చదివిండు, రెండోసారి చదివిండు, జేబుల పెట్టుకున్నడు. పాపం, ఆయనకు బాధ కాలేదని నేననను. గని ఏమన్నడంటే, ఇప్పుడు గీ సంగతి చెప్తే అక్క గీ నిమిషమే మూట కట్టుకుంటదట. మనమే ఎల్లగొట్టినట్టయితదట. ఇంట్ల ఇంకో ఆడిది లేదాయె, ఆడబిడ్డను పొయ్యి కాడ కూసుండవెట్టి కోడలు తల్లిగారింటికి పోయిందంటే నలుగురు ఏమంటరట. బేస్తారం ఎంతసేపు వస్తది, వాళ్లు పొద్దుగాల బస్సుకు పోతరు, నువ్వు పగటి బస్సుకు పో అన్నడు. నేను సరే అన్న, బేస్తారం వస్తనని మా అన్నకు కార్డు రాసిన. గా సరే అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు నవ్వుకుంట గుట్ట ఎక్కిన. బొమ్మల కాడ కథ చెప్పిన. చెలిమె తోడిన. మొర్రి పండ్లు ఏరి పిల్లల దోసిట్ల పోసిన. కడుపుల మాత్రం ఒక్కటే మాట, బాపు సోయిలనే ఉన్నడా, నాకోసం చూస్తుండా. వదినె ఒకనాడు నా మొఖం చూసి ఏంది గట్లున్నవు అని అడిగింది. ఎండ దెబ్బ అన్న. జర మజ్జిగ తాగు అని ఆమెనే తెచ్చిచ్చింది. అప్పుడు చెప్తే అయిపోతుండె. మజ్జిగ తాగి గిలాస కడిగి పెట్టిన.

బేస్తారం వచ్చింది. నా బట్టల సంచి ముందు రోజే సదిరి బియ్యం గుమ్మి ఎనుక దాచిపెట్టిన. వాళ్ల మూటలు అరుగు మీదికి వచ్చినయి. వదినెకు బొట్టువెట్టి రైకగుడ్డ చేతికిచ్చిన. ఇగ చూడుండ్రి, మా దిక్కు ఒక పద్ధతి ఉన్నది. ఇంటికొచ్చిన చుట్టం గడప దాటుతుంటే ఉత్తగ పోనియ్యొద్దు. ఉండుండ్రి అనాలె, వాళ్లు ఒద్దనాలె, మళ్ల అనాలె, మళ్ల ఒద్దనాలె, అట్ల వాకిలి దాకా పోవాలె. అనకపోతే ముల్లెలు ఎత్తిచ్చి ఎల్లగొట్టినట్టే. పుట్టిన కాడి నుంచి అమ్మ నోట విన్న మాట, ఆలోచన లేకుండనే నాలిక మీదికి వస్తది.

"గింత తొందరేంది వదినె, ఈ పూట ఉండి పోరాదుండ్రి," అన్న.

నా నోరు పడ. ఆమె పద్ధతి ప్రకారం ఒద్దనే అన్నది. నేను మళ్లన్న. చిన్నపిల్ల ఉందామమ్మా అని కొంగు పట్టుకున్నది. అన్న, అంటే వదినె పెనిమిటి, తేనె తీసుడు చూడనే లేదు మనం అన్నడు. వదినె నా మొఖం దిక్కు చూసి నవ్వింది. పోయేనాడు కూడ నువ్వు గింత ప్రేమగ ఆపుతుంటే ఎట్ల కాదంటనే అని అరుగు మీద కూసున్నది. బస్సు హారన్ కొట్టుకుంట పోయింది. నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన నేల చూసిండు.

పూట అంటే పూట కాదు. పగటి బస్సుకు పోతే వరంగల్ల వాళ్లకు రైలు అందదు. తెల్లారితే శుక్రారం. శుక్రారం నాడు ఆడబిడ్డను ఇంట్లకెళ్లి పంపుతరా? లక్ష్మి పోయినట్టే అంటరు. ఇగ శనివారమే. నేనే ఆపి, నేనే ఇప్పుడు మా బాపుకు బాగలేదు పోవాలె అంటే ఏ మొఖంతోని అనాలె? వంటింట్లకు పోయి గుమ్మి ఎనుక సంచి దిక్కు చూసిన. ఏడుద్దామంటే పిల్లలు వచ్చి మళ్ల వాగుకు పోదామని చెయ్యి పట్టి గుంజవట్టిరి. పోయిన. ఏం జేద్దు.

శుక్రారం తేనె తీసుడు చూసిండ్రు. కొండ అంచున తేనెపట్టుకు ఒకాయన పొగవెడుతుంటే కింద నిలబడి అందరు నోళ్లు తెరుసుకొని చూసిండ్రు. నేనూ చూసిన. గిన్నెడు తేనె వదినెకు కట్టిచ్చిన. శనివారం వాళ్లను పొద్దుగాల బస్సెక్కిచ్చిన. ఈసారి నోరు మూసుకొని నిలబడ్డ. వదినె రెండుసార్లు ఎనుకకు తిరిగి చూసింది, నేనేమన్న అంటనేమోనని.

పగటి బస్సుకు నేను బయలెల్లిన. హన్మకొండల ఒక బస్సు, జనగామల ఇంకోటి మారి, దీపాలు వెట్టే యాళ్లకు ఊర్ల దిగిన. మా అన్న వాకిట్లనే ఎదురొచ్చిండు. నిన్న పొద్దుగాల బాపుకు మళ్లొకసారి పక్షవాతం వచ్చిందని చెప్పిండు. మాట జర ముద్దగ వస్తుంది గని వస్తుంది, మనుషులనే గుర్తువడుతలేడన్నడు. మొన్నటి దాకా మంచిగనే ఉండె, మొన్న పొద్దంత నీ బస్సు కోసం చూసిండు అన్నడు. మొన్న అంటే బేస్తారం. నేను వస్త అని రాసిన రోజు.

తర్వాత ఎన్నడో ఈ సంగతి తెలిసి వదినె నా రెండు చేతులు పట్టుకొని ఏడ్చింది. ఒక్క మాట చెప్పకపోతివేందే అన్నది. ఆమె తప్పేమున్నది? ఎవరిని తిడుదును? తిట్టెతందుకు కూడా ఒక మనిషి దొరుకలే నాకు.

బాపు మంచం మీద గోడకు ఆనుకొని ఉన్నడు. పక్కన కూసొని కుడి చెయ్యి పట్టుకున్న. నా దిక్కు మంచిగనే చూసిండు, చుట్టం దిక్కు చూసినట్టు. ఎక్కడి నుంచి వచ్చినవమ్మా అన్నడు. గుట్టల ఊరి నుంచి బాపు అన్న. ఆయన కండ్లల్ల జర ఎలుగొచ్చింది.

"మా బిడ్డది గూడ గదే ఊరు," అన్నడు. "వస్తనన్నది, ఇంక రాలే. దానికి ఒక మాట చెప్పాలె."

నేనే బాపు, నాకు చెప్పు అన్న. మా అన్న కూడా చెప్పిండు, గిదే నీ బిడ్డ అని. అమ్మ కూడా చెప్పింది. బాపు మా ముగ్గురి మొఖాలు మార్చి మార్చి చూసిండు. తర్వాత నేను నొచ్చుకుంటనేమోనని నా చేతి మీద చెయ్యి పెట్టి, మెల్లగ అన్నడు:

"ఏమనుకోకమ్మా. ఇంటి మాట. పరాయోళ్లకు చెప్పేది కాదు."

మంచిది బాపు అన్న. అమ్మ గంజి తెస్తే గిన్నె అందుకొని చెంచతోని తాపిచ్చిన.