చలికాలం పట్నంలో చక్రాల కుర్చీ మీద

ఆ రోజు బస్సు దిగి బడికి నడుస్తుంటే వెనక నుంచి ఒక ముసలమ్మ కేకేసింది. "ఓ పంతులమ్మా, నీ చెప్పు గీడ్నే ఇడిసినవ్!"

తిరిగి చూస్తే నిజమే. నా ఎడమకాలి చెప్పు ఇరవై అడుగుల వెనక, చెరకు చేను గట్టు పక్కన పడి ఉంది. అంతసేపూ ఒట్టికాలితో కంకర మీద నడిచానన్న సంగతి నాకు తెలియనే లేదు. వెనక్కి వెళ్ళి వేసుకున్నాను. ముసలమ్మ నవ్వితే నేనూ నవ్వాను.

నా పేరు సుగుణ. బోధన్ దగ్గర ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. నా భర్త దానియేలు షుగర్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేసేవాడు. తొంభైల చివర్లో, ఒక వానాకాలంలో జరిగిన సంగతి ఇది.

ఆ మధ్యాహ్నానికి నడుము చుట్టూ ఎవరో గట్టిగా గుడ్డ బిగించి కట్టినట్టు అనిపించింది. సాయంత్రం ఎంత ప్రయత్నించినా మూత్రం రాలేదు. తెల్లవారి మంచం దిగబోతే కాళ్ళు రెండూ మడతపడి కింద కూలిపోయాను.

"ఏమైందే? లే!" అంటూ దానియేలు రెక్క పట్టి లేపాడు. లేచాను గానీ నిలబడలేకపోయాను.

బోధన్ డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూసి, "ఇక్కడ ఆలస్యం చేయొద్దు" అని నిజామాబాద్ పంపాడు. అక్కడ మూత్రం పోవడానికి కెథీటర్ గొట్టం వేశారు. "స్పైనల్ కార్డ్ ప్రాబ్లం లాగుంది. ఎంఆర్ఐ తీయాలి, హైదరాబాద్ తీసుకపోండి" అన్నారు. హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. మూడో రోజు న్యూరాలజిస్ట్ నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు కూర్చున్నాడంటేనే నాకు భయమేసింది.

"దీన్ని ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అంటారమ్మా. వెన్నుపాములో వాపు. కొందరు పూర్తిగా కోలుకుంటారు. కొందరు సగం కోలుకుంటారు. కొందరికి అసలు మార్పు రాదు."

"నాకెట్ల అయితది సార్?"

"ఇప్పుడే చెప్పలేను. ఆరు నెలలు చూద్దాం."

స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. దసరా పోయాక కుడికాలి బొటనవేలు కదిలింది. నవంబరు కల్లా ఆసరా లేకుండా కూర్చోగలిగాను. కానీ నడుము కింద స్పర్శ రాలేదు. వీల్‌చేర్ ఇచ్చి, డిశ్చార్జ్ రాసి, కొన్ని నెలలు రోజూ ఫిజియోథెరపీకి రావాలన్నారు. అందుకని సికింద్రాబాద్‌లో ఫిజియోథెరపీ సెంటర్‌కు మైలు దూరంలో కింది అంతస్తు గది ఒకటి తీసుకున్నాం. అప్పటికి బోధన్‌లో చెరకు ఆడే క్రషింగ్ సీజన్ మొదలైంది. బాయిలర్ మనిషికి ఆ నెలల్లో సెలవు దొరకదు. నిజామాబాద్‌లో హాస్టల్ వంట చేసే మా అక్క మార్త పని మానేసి నాతో వచ్చింది.

"పరేషాన్ గాకు. నేన్నూకుత, నువ్వు కూసో. గంతే గద" అంది.

అంత సులువుగా లేదు. ఉదయం ఎనిమిదింటికి సెంటర్‌లో ఉండాలి. ఏడింటికి బయలుదేరితే రోడ్డు మీద పొగమంచు ఇంకా విచ్చుకునేది కాదు. ఆర్టీసీ బస్సు హెడ్‌లైట్లు పది గజాల దగ్గరికి వచ్చేదాకా కనిపించేవి కావు. నడిచేవాళ్ళు ఫుట్‌పాత్ ఎక్కేవాళ్ళు. నా కుర్చీకి ఫుట్‌పాత్ మోకాలెత్తు గోడ. కాబట్టి మేము బస్సుల పక్కన, రోడ్డు మీదే పోవాలి. మంచులో డ్రైవర్లకు కనపడాలని అక్క నాకు ఎర్ర శాలువ కప్పేది.

చలిగాలి తగలగానే కాళ్ళు వాటంతటవే బిర్రుగా ముందుకు చాచుకునేవి. స్పాజమ్ అంటారు. అది వచ్చిందంటే నేను కుర్చీలోంచి కిందికి జారేదాన్ని. ఒకసారి నాలుగు రోడ్ల కూడలి మధ్యలో, సిగ్నల్ పడబోతుండగా జారాను. ముందు చక్రం మురుగు మోరీ మీది ఇనుప జాలీలో ఇరుక్కుంది. అక్క ఒక చేత్తో నా నడుము పట్టుకుని, రెండో చేత్తో వచ్చే బండ్లను ఆపుతూ అరిచింది. "ఆగుండ్రయ్యా! మనిషున్నది, కనబడ్తలేదా?" కూరగాయల బండివాళ్ళు ఇద్దరు వచ్చి కుర్చీ ఎత్తి పక్కన పెట్టారు. ఆ తర్వాత అక్క పాత చీర చింపి నన్ను కుర్చీకి కట్టి తీసుకెళ్ళేది.

డిసెంబరు నడిమికి చలి ఇంకా పెరిగింది. నా పాదాలు ముట్టుకుంటే మంచుగడ్డల్లా ఉండేవి. నాకు తెలియదు, అక్క చేతికి తెలిసేది. ఒకరోజు రబ్బరు సంచీలో వేడినీళ్ళు పోసి, నా పాదాల కింద పెట్టి, పైన దుప్పటి కప్పింది.

"కాలుతుందా?" అని అడిగింది.

"లేదక్కా, మంచిగనే ఉంది" అన్నాను. మంచిగా ఉందో లేదో నాకేం తెలుసు? అయినా అలవాటు కొద్దీ అనేశాను.

మర్నాడు సెంటర్‌లో ఫిజియోథెరపిస్ట్ వసంత మేడం నా సాక్సు లాగింది. చేయి ఆగిపోయింది. ఎడమ మడమ మీద నిమ్మకాయంత బొబ్బ, దాని చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. సాక్సుకు కొంత చర్మం అంటుకుని వచ్చింది. నేను దాన్ని చూస్తున్నాను, నొప్పి లేదు. ఎవరిదో కాలు చూస్తున్నట్టుంది.

"ఇది కాలిన బొబ్బ. ఎవరు చేశారిలా?" వసంత మేడం గొంతు పెంచింది. "సెన్సేషన్ లేని కాళ్ళకి వేడి పెడతారా?"

హాస్పిటల్లో సర్జన్ చూసి, "డీప్ బర్న్. ఇన్ఫెక్షన్ ఎముకదాకా పోతే పాదం తీసేయాల్సి వస్తుంది. రోజూ డ్రెస్సింగ్, మడమ మీద బరువు పడొద్దు. నిలబడే ఎక్సర్‌సైజులు బంద్" అన్నాడు. అంతకు ముందు వారమే నేను ప్యారలల్ బార్స్, అదే రెండువైపుల కమ్మీలు, పట్టుకుని పది లెక్కపెట్టేంతసేపు నిలబడ్డాను. అదీ పోయింది.

గదికి వచ్చాక అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. "నా చేతుల్తోనే కాల్చిన్నే నిన్ను" అంది. నేను ఓదార్చాల్సింది. ఓదార్చలేదు. రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆమె అడిగినప్పుడు అబద్ధం చెప్పింది నేనేనని తెలిసి కూడా, కోపం ఆమె మీదే చూపించాను. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడే బోధన్ నుంచి దానియేలు ఒక ఉత్తరం పంపాడు. మా విద్యాశాఖ వాళ్ళది. జనవరిలో ఫలానా రోజు ఉదయం పదింటికి మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలి. నేను పనికి వస్తానో రానో వాళ్ళు తేలుస్తారు. రానని రాస్తే ఉద్యోగం పోతుంది. ఆఫీసు మూసీ అవతల, మా గదికి నగరం ఆ కొస.

ఆ రోజు ఆరున్నరకే రోడ్డు మీదికొచ్చాం. మడమకు కట్టు, కాలు కింద దిండు. మొదటి ఆటో ఆగి, కుర్చీ చూసి వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. మూడోవాడు "కుర్సీ ఏడ పెడ్తమ్మా? ఆటో ఇరుగుతది" అన్నాడు. ఏడున్నర అయింది. ఎనిమిది దాటాక ఒక పెద్దాయన, తెల్లగడ్డం, మఫ్లర్, ఆటో ఆపి దిగాడు.

"కహాఁ జానా బేటీ?" అని ఎక్కడికి పోవాలో అడిగి, చెప్పింది విని, వెనక నుంచి తాడు తీశాడు. కుర్చీ మడిచి ఆటో వెనక కట్టేశాడు. ఆయనా అక్కా కలిసి నన్ను లోపల కూర్చోబెట్టారు. దారంతా ఆయన గుంతల దగ్గర ఆటోను నడకలా నడిపించాడు. అక్క నా కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను మాత్రం గడియారమే చూస్తున్నాను.

పదికి ఐదు నిమిషాలుండగా చేరాం. బోర్డు మొదటి అంతస్తులో ఉంది. ఇరవై ఆరు మెట్లు. లిఫ్టు లేదు.

"పైకి రావాలె. సార్లు కిందికి రారు" అన్నాడు మెట్ల దగ్గరున్న ప్యూను. "పేరు మూడుసార్లు పిలుస్తరు. లేకుంటే ఆబ్సెంట్ రాస్తరు."

ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తుతామని ముందుకొచ్చారు. మెట్ల మీద స్పాజమ్ వస్తే? మడమ మెట్ల కమ్మీలకు తగిలితే? నేను వద్దన్నాను. పైనుంచి నా పేరు వినిపించింది. ఒకసారి.

అక్క నా చేతిలో ఉత్తరం లాక్కుని చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లెక్కింది. పైన ఏమందో తర్వాత ఆమే చెప్పింది. "నా చెల్లె కాళ్ళు రావు గని తెలివి మంచిగున్నది. మీకు కాళ్ళున్నయి గద, జర దిగి రాండ్రి." ఆడవాళ్ళ హాస్టల్లో అందరికీ వండి పెట్టే మనిషి ఆమె. ఆఫీసర్లతో ఎన్నడూ గొంతెత్తి మాట్లాడలేదు.

కాసేపటికి ఒక లేడీ డాక్టరు ఫైలుతో కిందికి వచ్చింది. నవ్వలేదు, కోప్పడలేదు. వరండాలోనే నా కాళ్ళు పరీక్షించింది, కట్టు చూసింది, చేతుల బలం చూసింది.

"నిలబడకుండా బోర్డు మీద ఎలా రాస్తారు?"

"మూడో తరగతి పిల్లలు ఇప్పుడు నా ఎత్తే ఉంటరు మేడం" అన్నాను. "బోర్డు కొంచెం కిందికి దించితే వాళ్ళకూ నాకూ అందుతది."

ఆమె ఏదో రాసుకుంది. ఏం రాసిందో చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో అక్క చేయి పట్టుకుని, "కాలలేదని చెప్పింది నేనే గదక్కా" అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, నా కాలు సర్దింది.

జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు నేను సరిగా తినలేదు. ఒక మధ్యాహ్నం పక్కనున్న ఫోన్ బూత్ ఆవిడ పిలిచింది. అవతల దానియేలు. వెనక ఫ్యాక్టరీ చప్పుడు. "ఫిట్ అని రాసిండ్రే సుగుణా! మెట్లు లేని బడికి ఎయ్యాల్నని గూడ రాసిండ్రు!" రెండుసార్లు చెప్పించుకున్నాను.

మడమ ఎండాకాలానికి గానీ మానలేదు. ఇప్పుడు బోధన్‌లో మెట్లు లేని బడిలో మూడో తరగతికి చెప్తున్నాను. ఇంట్లో వాకర్‌తో వంటింటి దాకా నడుస్తాను. అంతకు మించి నడవలేను, నడుస్తానని ఎవరూ అనడం లేదు కూడా. మూత్రానికి ఇప్పటికీ కెథీటరే, నాలుగు గంటలకొకసారి నేనే వేసుకుంటాను. స్పర్శ ఎడమవైపు రానే లేదు. చెకప్‌కు సంవత్సరానికోసారి చలికాలంలోనే పట్నం పోవలసి వస్తుంది. బయలుదేరే ముందు వారం నుంచీ నిద్ర సరిగా పట్టదు. అక్క తోడు వస్తుంది. ఎర్ర శాలువ పోయి ఇప్పుడు ఎర్ర స్వెట్టర్ వచ్చింది.

నాలాంటి వాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు ఇది చదువుతుంటే నేను చెప్పేది ఒక్కటే. స్పర్శ లేని చోట చలికి వేడినీళ్ళ సంచీ, కుంపటి, హీటర్ ఏదీ పెట్టకండి. మందపాటి సాక్సులు, దుప్పటి చాలు. కాలుతుందా అని రోగిని అడగకండి, ఆ మనిషికి తెలియదు. ఉదయం, సాయంత్రం చేతి అద్దం పట్టుకుని మడమలు, వేళ్ళ సందులు, పిరుదులు చూసుకోండి. ఎర్రగా కనపడితే ఆ రోజే డాక్టరుకు చూపించండి. నేనైతే ఒక్క పూట కూడా మానను. ఈ ఉదయం కూడా చూసుకున్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను.