ఆంబ్రోస్ గారి అసలు దారి

ఆంబ్రోస్ టకెట్ గారు ఎవరికీ తిన్నగా దారి చెప్పిన పాపాన పోలేదు. మా సుద్దకొండల మీద రాతియుగం నాటి బాట పాలు ఒలికినట్టు తెల్లగా సాగిపోతుంది. తప్పిపోవడం అసాధ్యం. ఆ అసాధ్యాన్ని ఆయన రోజూ సాధించేవారు. పాత కోటకందకం దగ్గర కాపు కాసి, వచ్చిన ప్రతి బాటసారినీ ఆపేవారు.

"అటు కాదు బాబూ! అసలు దారి ఇటు. ఐదు వేల ఏళ్ళ నాటిది!"

"మ్యాపులో లేదే?"

"మ్యాపు గీసినవాడు మొన్ననే పుట్టాడు."

ఆ అసలు దారి దురదగొండి పొదల్లోంచి కిందికి దిగి, హెస్టర్ గారి ఇంటిని చుట్టి, మళ్ళీ అదే కొండెక్కుతుంది. ఒకసారి పరుగుపందెం వాళ్ళనీ మళ్ళించారు. అందరికంటే ముందున్నవాడు ఆఖరున చేరాడు.

బాట బాగోగులు చూసే ఉద్యోగం నాది.

"బాణం గుర్తు ఎవరు తిప్పారండీ?"

"గాలి."

"ఇనప బాణాన్నా?"

"రాతియుగం గాలి, మరి!"

ఫిర్యాదులు కుప్పపడ్డాయి. పురాతన కట్టడాల పండితురాలు డాక్టర్ లిన్నెట్ వచ్చారు. ఆ దారి ప్రాచీనమైనది కాదని ఆవిడ తేలిస్తే ముళ్ళకంచె వేసేస్తాం.

ఆ ఉదయం పొగమంచులో సమాధి దిబ్బలు పడుకున్న ఆవుల్లా తేలుతున్నాయి. పైనెక్కడో భరతపక్షి కూత. ఆంబ్రోస్ గారు కర్ర ఊపుతూ ముందు నడిచారు.

"ఇది గొర్రెలు తొక్కిన గాడి," అన్నారు డాక్టరు గారు.

"రాతియుగంలో గొర్రెలు లేవా అమ్మా?"

కిందికి దిగేసరికి హెస్టర్ గారి ఇంటి కిటికీ తెరుచుకుంది. ముప్పై ఏళ్ళు ఈ కొండల మీద నడిచి ఉత్తరాలు పంచిన హెస్టర్ గారు, తుంటి విరిగి మూడేళ్ళుగా ఆ కిటికీ పక్క మంచం మీదే ఉన్నారు.

"పైనుంచేనా? మంచు ఎందాకా ఉంది? పొడుగు దిబ్బ మీద పసుపు పూలు వచ్చాయా?"

డాక్టరు గారు చెప్పడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు చెప్పారు. హెస్టర్ గారు కళ్ళు మూసుకుని వింటూ, మంచంలోనే కొండంతా నడిచి వచ్చారు.

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాను ఆంబ్రోస్ గారితో, గుసగుసగా.

"చెబితే జాలిపడి వస్తారు. జాలి మొహం కనబడితే కిటికీ వేసేస్తుంది. దారి తప్పినవాళ్ళైతే హాయిగా మాట్లాడతారు."

డాక్టరు గారు గోడ మీద కాగితం పెట్టి రాశారు: 'ప్రాచీనమైనది కాదు. వాడుకలో ఉంది. మూయరాదు.'

ఆంబ్రోస్ గారు ఆవిడ భుజం మీదుగా తొంగి చూశారు.

"ఐదు వేలు మరీ ఎక్కువనుకుంటే, ఓ మూడు వేల ఏళ్ళన్నా వెయ్యండమ్మా!"