వేపమొక్కల పక్కన వేసిన తారు బాట

మాస్కులు తీసేసిన ఏడాది, ఫిబ్రవరి రెండో సోమవారం నన్ను ఆదోనిలో ఒక నడక బాట పనికి వేశారు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఒక చిన్న కన్సల్టెన్సీలో నాణ్యత చూసే ఫీల్డ్ ఇంజనీరును. ఆ వరుసలో అన్నిటికన్నా కింది మెట్టు అది. బాట వేసేది కాంట్రాక్టరు, దగ్గరుండి వేయించేది మేస్త్రి. వేసింది డ్రాయింగు ప్రకారం ఉందో లేదో కొలిచి రాయడం నా పని. నేను రాసినదాని మీద మా సీనియర్ ఇంజనీరు సంతకం చేస్తాడు. కొలవడం, రాయడం రెండూ నోరు తెరవకుండా చేయగలిగినవి కనుక ఆ ఉద్యోగం నాకు నచ్చింది. అది మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంటి వరండాలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. తారు పని ఎలా చేస్తారని అడిగేవాళ్లు అప్పుడప్పుడు ఉంటారు కాబట్టి, నా డైరీలు ముందు పెట్టుకుని ఈ ఒక్క పని గురించి రాస్తున్నాను.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే రోడ్డు పక్కన, జిన్నింగు మిల్లుల్లో పనిచేసినవాళ్లు కట్టుకున్న కాలనీ అది. మధ్యలో ఖాళీ మైదానం. దాని చుట్టూ ఆరువందల మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పుతో తారు బాట వేయాలి. సిమెంటు పలకలైతే ఆ నేలలో ఒకటి లేచి ఒకటి కుంగుతాయి. తారుకు కొంచెం వంగే గుణం ఉంటుందని దాన్నే ఎంచుకున్నారు.

నేల నల్లరేగడి. పని మొదలుపెట్టే ముందు ఆ మట్టి ఎంత ఉబ్బుతుందో తేల్చాలి. మట్టిని ఎండబెట్టి, పొడిచేసి, సన్న జల్లెడ పట్టి, గీతలున్న రెండు గాజు జార్లలో పది గ్రాముల చొప్పున వేస్తాం. ఒకదాంట్లో నీళ్లు పోస్తాం, రెండోదాంట్లో కిరోసిన్. ఒక రోజంతా కదపకుండా ఉంచుతాం. కిరోసిన్‌లో మట్టి వేసినంతే ఉంటుంది. నీళ్లలో లేస్తుంది. ఆ రెండిటి తేడాయే మాకు కావలసిన లెక్క. ఆ మైదానం మట్టి నీళ్ల జారులో రెట్టింపు దాటింది.

మేస్త్రి ఈరన్నది పెద్దకడుబూరు. పత్తి పండించుకునే రైతు, వానలు మొహం చాటేసిన ఏళ్లలో తారు పనికి వచ్చేవాడు. జార్లను తిప్పి తిప్పి చూసి నవ్వాడు.

"దీనికి గాజు బుడ్లు యాల మేడమ్? మా చేనికి రా, సూపిస్తా. తాగితే లేస్తాది, ఎండితే నోరు తెరుస్తాది. దీని మీద బాట వేసి మూడేండ్లు గ్యారంటీ అంటాండారు మీరు!"

నేను తల ఊపి పుస్తకంలో రాసుకున్నాను. నేను ఏ మాటకైనా అలా రాసుకోవడం చూసి, గోనెగండ్ల నుంచి వచ్చిన కూలి ఆడవాళ్లు నాకు 'రాతలమ్మ' అని పేరు పెట్టారు.

ఖాసీం సాబ్‌ను మొదటిసారి చూసింది తవ్వకం నాడే. ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి మానుకున్న మనిషి. ఆయన ఇంటి గడప మైదానం వైపే ఉంటుంది. అక్కడ కుర్చీలో ఆయన భార్య మహబూబ్ బీ కూర్చుని ఉంది. ముందటి ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. రోజూ చదునైన నేల మీద అరగంట నడిస్తే కాలు తిరిగి వస్తుందని, కూర్చోబెడితే ఇక రాదని డాక్టరు చెప్పాడట. సందులో నడుద్దామంటే ఇంటింటికీ ఎత్తుగా లేచిన కాలువ బండలు.

"బేటీ, మీ బాట సాపుగా ఉంటాదా? ఆమె కాలు ఎత్తలేదు, ఈడుస్తాది. గోరంత ఎత్తున్నా తగులుకుంటాది," అన్నాడు.

మూడు మీటర్ల ఇనుప పట్టీ బాట మీద పెడితే కింద ఆరు మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదని, అది మా నియమమని చెప్పాను. గొణుగుతున్నట్టు చెప్పి ఉంటాను. ఆయన చెవి ముందుకు వంచి విన్నాడు.

"మిల్లీమీటరు నాకు నేర్పిస్తాండావా? ముప్పయ్యేండ్లు దాంతోనే బతికినా," అని నవ్వి, గడప వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "విన్యావా, ఆరు మిల్లీమీటర్లంట! ఇంక నీకు సాకు లేదు!"

"ముందు మీరు వంకర లేకుండా నడువుండ్రి," అంది ఆమె కుర్చీలోంచి. మాట కొంచెం ముద్దగా వచ్చింది కానీ కూలీలందరికీ వినబడింది.

పని పద్ధతిగానే జరిగింది. అర మీటరు లోతు నల్లమట్టి తీసేసి, ఉబ్బని గరుసు మట్టి నింపి రోలర్ తొక్కించాం. దాని మీద కంకర పొర, ఆ పైన పల్చని తారు నీళ్లు చల్లాం. ఎండకు మెత్తబడని గట్టి రకం తారే వాడాం. పైన పరిచే తారు, సన్నకంకర మిశ్రమం లారీలో వచ్చినప్పుడల్లా మధ్యలోకి థర్మామీటరు గుచ్చి వేడి చూసేదాన్ని. చల్లబడిన తారు ఎంత తొక్కినా కలిసిపోదు, అందుకని. నడక బాట పల్చగా ఉంటుంది కాబట్టి ఆదోని ఎండలో కూడా త్వరగా వేడి వదిలేస్తుంది. పరిచిన పావుగంటలో రోలర్ పని అయిపోవాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రోడ్డు మీద బళ్లు తిరిగి తిరిగి తారును మెత్తగా, ఒత్తుగా ఉంచుతాయి. మనుషుల బరువు దానికి చాలదు. నడక బాట ఎండకు ఊరికే పడి ఉండి పెళుసెక్కుతుంది. అందుకే కింద నేల కొంచెం కదిలినా మొదట పగిలేది అదే, అందులోనూ అంచులు.

అంచుకు ఊతంగా పక్కన వదిలే మట్టి పట్టీని షోల్డర్ అంటారు. డ్రాయింగులో అది ఐదడుగులు. పెళ్లి షామియానాలకు జాగా తగ్గుతుందని కాలనీ పెద్దలు ఒప్పుకోకపోతే లోపలి వైపు రెండడుగులకు కుదించారు. ఆ మార్పును నేను పుస్తకంలో ఎక్కించాను. అంచు నుంచి ఐదడుగుల లోపల ఏమీ నాటరాదు, నీరు పెట్టరాదు అని సైట్ ఆర్డరు పుస్తకంలో కూడా రాశాను. పనివాళ్లకిచ్చే ఆదేశాలన్నీ ఆ పుస్తకంలోనే ఉండాలి. అది కాంట్రాక్టరు రేకుల షెడ్డులో మేకుకు వేలాడుతుండేది.

"నువ్వు పుస్తకంలో రాస్తాంటే మట్టి సదువుకుంటాదా మేడమ్?" అన్నాడు ఈరన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్‌లో బాట అప్పగించాం. మహబూబ్ బీ మొదటి వారం నాలుగో దీపస్తంభం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. జూన్‌లో నేను వెళ్లేసరికి కర్ర ఒక చేత్తో, ఖాసీం సాబ్ భుజం ఒక చేత్తో పట్టుకుని చుట్టు మొత్తం పూర్తి చేస్తోంది. అయితే పొద్దున ఏడు దాటితే బాట పెనంలా కాలేది, ఆమె నడకకు ఆ కాస్త చల్లటి వేళ చాలేది కాదు. నీడ లేదు. డ్రాయింగులో చెట్లున్నాయి కానీ అవి ఎవరు నాటాలో ఎక్కడా రాయలేదు.

పని పూర్తయ్యాక మూడేళ్లు లోపాలు వస్తే బాగుచేయవలసిన బాధ్యత కాంట్రాక్టరుదే. ఆ లోపాలు చూడటానికి నెలకొకసారి నేను వెళ్లాలి. జూలైలో వెళ్తే లోపలి అంచు పొడవునా వేపమొక్కలు కనబడ్డాయి. ముప్పై రెండు. ఒక్కోదానికీ ముళ్లకంప చుట్టి, మొదలు చుట్టూ పళ్లెమంత పాదు తీసి ఉంది. బాట అంచు నుంచి రెండడుగులు కూడా లేదు. ఖాసీం సాబ్ సైకిలుకు రెండు పెయింటు డబ్బాలు తగిలించుకుని వచ్చి, ఒక్కో పాదులో అర డబ్బా పోస్తున్నాడు.

"నాలుగు దినాలకొకసారి వస్తాయి మాకు కొళాయి నీళ్లు. నా తానం తగ్గించుకున్నా గానీ వీటికి తక్కువ చెయ్యలే బేటీ. రెండేండ్లు ఆగు. అప్పుడు మీ చాచీ పది గంటలకి గూడా నడుస్తాది."

అప్పటికింకా అక్కడ వాన పడలేదు. చుట్టూ నేల బీటలు వారి ఉంది. ఆ బీటల్లోకి దిగిన నీళ్లు పక్కకు, బాట కిందికి పోతాయి. పాదులున్న చోట మట్టి లేస్తుంది, మొక్కకూ మొక్కకూ మధ్య లేవదు. నాకు ఇది జార్లు చూసిన రోజునుంచీ తెలుసు. ఇనుప పట్టీ పెట్టి చూశాను. మొదటి మొక్క ఎదురుగా ఎనిమిది మిల్లీమీటర్లు. పట్టీని పట్టుకోవడానికి ఆయనే సాయం చేశాడు. ఎంత వచ్చిందని అడిగాడు. "కొంచెం" అన్నాను.

ఆ సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో కూర్చుని ఒక వాక్యం డైరీలో రాసుకున్నాను: 'చిచ్చా, ఈ నీళ్లు బాట కిందికి పోయి మట్టిని లేపుతున్నాయి, మొక్కలను ఇంకా లోపలికి జరుపుదాం.' మొక్కలు చిన్నవి. ఆ నెలలో తీసి వేరేచోట నాటితే బతికేవి. ఆగస్టులో ఆ వాక్యం కంఠతా పట్టుకుని వెళ్లాను. ఆయన డబ్బాలు దించి, చేతులు తుడుచుకుని, ఇంట్లోంచి మజ్జిగ తెప్పించాడు. మజ్జిగ తాగాను. పట్టీ పెట్టాను. పద్నాలుగు వచ్చింది. నీళ్లు కొనుక్కుని తాగే ఊళ్లో, స్నానం మానుకుని మొక్కలకు పోస్తున్న మనిషిని పోయవద్దనడానికి నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చి మా సీనియర్‌కు రిపోర్టు రాశాను. చెట్లు మన పరిధిలో లేవు, బయటివాళ్ల చేష్టగా నమోదు చెయ్యి అని జవాబు వచ్చింది. నమోదు చేశాను.

సెప్టెంబరులో మైదానం గేటుకు ఒక కాగితం అంటించాను. 'బాట అంచున ఉన్న మొక్కలకు నీరు పోయరాదు. బాట దెబ్బతింటుంది.' పెద్ద అక్షరాలు, తప్పుల్లేని తెలుగు. అంటించి ఎవరూ చూడకముందే బస్సెక్కాను.

అక్టోబరులో వెళ్లేసరికి గడపలో కుర్చీ ఖాళీగా ఉంది. తొమ్మిదో మొక్క దగ్గర బాట లేచి, అంచు పొడవునా చీలి, చీలికకు ఒక వైపు పెదవిలా ఎత్తు నిలిచింది. పట్టీ కింద ఇరవై రెండు మిల్లీమీటర్లు. అంతకు పది రోజుల ముందు మహబూబ్ బీ ఎడమ చెప్పు అక్కడే తగులుకుంది. ఖాసీం సాబ్ ఆ సమయంలో ఆమె పక్కన లేడు. ఈ మధ్య ఒంటరిగా నడవగలుగుతోందని భుజం వదిలి, పన్నెండో మొక్కకు నీళ్లు పోస్తున్నాడు. తుంటి ఎముక విరిగింది. కర్నూలులో ఆపరేషను చేశారు. ఇక మంచమే అన్నారు.

ఆయన గడప మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"యాడ తప్పు జరిగింది బేటీ? ఆరు మిల్లీమీటర్లంటివి గదా."

అప్పుడు చెప్పాను. మూడు నెలలు కంఠతా ఉన్న వాక్యం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన మొక్కల వైపు, బాట వైపు, మళ్లీ మొక్కల వైపు చూశాడు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"జూలై నుంచి."

"మజ్జిగ తాగిన దినం తెలుసా?"

తెలుసన్నాను. గేటుకు కాగితం అంటించానని కూడా అన్నాను, అంతకన్నా అనడానికి ఏమీ లేక. ఆయన గేటు వైపు చూశాడు.

"నాకు ఉర్దూ తప్ప చదవను రాదు. నీ కాగితం సూసినా. మొక్కలు తెంపగూడదని రాసినావేమో అనుకున్నా. ఆ సంతోషానికి ఇంకో డబ్బా ఎక్కువ పోసినా."

కోపంగా అనలేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్నేమో. తర్వాతి నెల రెండు జార్లు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఫిట్టరు కదా, కంటితో చూస్తే సరిపోతుందనుకున్నాను. నీళ్ల జారును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. "ఇంత సులువుగా ఉండాదే," అన్నాడు. లోపలి గదిలోంచి మహబూబ్ బీ ఎవరొచ్చారని అడిగింది. "బాట మేడమ్" అన్నాడు.

ఆయన నీళ్లు పోయడం మానేశాడు. కాంట్రాక్టరు మరమ్మతుకు ఒప్పుకోలేదు, నేను నమోదు చేసిన 'బయటివాళ్ల చేష్ట' అన్న మాటనే చూపించాడు. తర్వాతి వేసవికి ముప్పై రెండు మొక్కలూ ఎండాయి. లేచిన మట్టి ఎండి కుంగితే ఉబ్బులన్నీ పల్లాలయ్యాయి, చీలికలు అరచేయి పట్టేంత వెడల్పయ్యాయి. నీళ్లు పోసినందుకు సగం పగిలిన బాట, పోయడం మానినందుకు మిగతా సగం పగిలింది. చివరిసారి నేను వెళ్లినప్పుడు దాని మీద ఎవరో వేరుశనక్కాయలు ఆరబోశారు. ముళ్లకంపలు అలాగే ఉన్నాయి. ఆ నెలాఖరుకు రాజీనామా ఇచ్చాను.

ఆ పని నేర్పింది ఇది. నల్లరేగడిలో బాటను పగలగొట్టేది తడీ కాదు, ఎండా కాదు, ఒకటి పోయి ఒకటి రావడం. అందుకని అంచుకు ఐదడుగుల షోల్డర్ వదలాలి, దాన్ని తగ్గించమంటే పని ఆపాలి. చెట్లు ఆ అవతల ఉండాలి, వాటిని ఎవరు నాటుతారో, ఎవరు నీళ్లు పోస్తారో మొదటి రోజే తేలాలి. నీళ్లు పోసే మనిషికి రెండు జార్లూ మొదటి డబ్బా పోయకముందే చూపించాలి, ఎందుకో నోటితో చెప్పాలి. చెప్పలేని ఇంజనీరు ఆ పనిలో ఉండకూడదు.